కొరియన్ స్కిన్‌కేర్‌లో తేమ పొరలు: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు

కొరియన్ స్కిన్‌కేర్ అనగానే పది సీసాలు వరసగా పేర్చిన ఫోటో గుర్తొస్తుంది ఎవరికైనా. టోనర్, ఎసెన్స్, ఆంపూల్, సీరమ్, ఎమల్షన్, క్రీమ్... ఆ వరస చూసి కొందరు అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేసి నెల తిరక్కముందే నుదుటి నిండా పొక్కులు తెచ్చుకుంటారు, ఇంకొందరు ఈ గోల మనకెందుకని ఒక్క క్రీమ్‌తో సరిపెట్టుకుంటారు. అసలు సంగతేంటంటే సియోల్‌లో ఉండేవాళ్ళలో కూడా రోజూ పది రకాలు రాసుకునేవాళ్ళు తక్కువే. ఆ 'టెన్ స్టెప్' లెక్కకి ఎక్కువ ప్రచారం ఇచ్చింది అమెరికాలో కొరియన్ సరుకు అమ్మినవాళ్ళు. కొరియాలోనే 2018-19 నాటికి 'స్కిప్ కేర్' పేరుతో అక్కర్లేనివి తీసిపారేసే పద్ధతి ఊపందుకుంది.

కాబట్టి ఇక్కడ పది మెట్లు చెప్పను. చర్మానికి తేమ పట్టించేవి, ఎర్రదనాన్నీ మంటనీ తగ్గించేవి, ఈ రెండు రకాలనీ ఏ వరసలో, ఎంత మోతాదులో, ఎంత గ్యాప్‌తో రాయాలో మాత్రమే చెప్తాను. నేను పట్టుకునే రూల్ ఒక్కటే: ప్రతి పొరకీ తనదైన పని ఒకటి ఉండాలి. ఒకే పని చేసే నాలుగు సీసాలు వరసగా రాస్తే నాలుగు పొరలు అవ్వవు, ఒకే పొరకి నాలుగు బిల్లులు కట్టడం అవుతుంది.

ముందు మూడు పనులు తెలియాలి

చర్మం పై పొర గురించి చెప్పేటప్పుడు డాక్టర్లు ఎప్పుడూ ఇటుకల గోడనే ఉదాహరణగా చూపిస్తారు: చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వులు సిమెంటు. ఆ కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఫ్యాటీ యాసిడ్లు. ఇవి తగ్గిపోతే లోపలి నీళ్ళు ఆవిరైపోతాయి, బయటి సబ్బు, దుమ్ము, సెంటు లోపలికి దిగుతాయి. మొహం కడగ్గానే బుగ్గలు బిగుసుకుపోవడం, రోజూ రాసే క్రీమే ఒకరోజు చురుక్కుమనడం, ఒకపక్క జిడ్డు కారుతూనే ఇంకోపక్క పొలుసులు లేవడం చాలాసార్లు దీనివల్లే.

దీనికి పైనుంచి మనం చేయగలిగే పనులు మూడు. మొదటిది నీళ్ళు పట్టి ఉంచడం: గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్, బీటా గ్లూకాన్, బీటైన్, యూరియా లాంటివి చేసేది ఇదే. రెండోది రేగిన చర్మాన్ని చల్లబరచడం: సెంటెల్లా (మన సరస్వతి ఆకు), పాంథెనాల్, అల్లాంటాయిన్, హార్ట్‌లీఫ్ అనే ఆకు, మగ్‌వర్ట్ (మాచిపత్రికి దగ్గరి మొక్క), అతిమధురం నుంచి తీసే పదార్థాలు. మూడోది పట్టిన నీళ్ళు పోకుండా పైన మూత వేయడం: సెరమైడ్లు, స్క్వాలేన్, షియా బటర్, డైమెథికోన్, పెట్రోలియం జెల్లీ. పాంథెనాల్ లాంటివి మొదటి రెండు పనులూ చేస్తాయి, అందుకే అది దాదాపు ప్రతి కొరియన్ సీసా మీదా కనిపిస్తుంది.

ఈ పొరల పద్ధతి అక్కడ ఎందుకు పుట్టిందో తెలిస్తే మనకి ఎంత కావాలో కూడా అర్థమవుతుంది. సియోల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా కంటే కిందే ఉంటుంది, సైబీరియా వైపునుంచి వచ్చే గాలి పొడిగా కోస్తుంది, ఇంట్లోకి వస్తే ఓన్‌డోల్ అనే నేల కింది హీటింగ్ ఉన్న కాస్త తేమనీ లాగేస్తుంది. అదే జూన్ చివరినుంచి జూలై దాకా వానలు, ఉక్క. అక్కడివాళ్ళే చలికాలంలో మూడు పొరల టోనర్, పైన చిక్కటి క్రీమ్ వాడి వేసవిలో జెల్ క్రీమ్‌కి మారిపోతారు. మే నెలలో విజయవాడలో ఉన్నవాళ్ళు సియోల్ జనవరి రొటీన్‌ని కాపీ కొడితే చెమటా క్రీమూ కలిసి మెడ మీదికి కారతాయి. న్యూజెర్సీలోనో టొరంటోలోనో హీటర్ వేసుకుని కూర్చునే మనవాళ్ళకి మాత్రం ఆ జనవరి రొటీన్ దాదాపు అలాగే పనికొస్తుంది. హైదరాబాద్‌లో రోజంతా ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ళు ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటారు.

1. కడగడం

ఇది తొందరగా చెప్పేస్తాను. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల. అందుకే కొరియన్ క్లెన్సర్ల మీద 'లో పీహెచ్' అని గొప్పగా రాస్తారు, ఈ ఒక్క విషయంలో ఆ గొప్ప సరైనదే. రాత్రి సన్‌స్క్రీన్, మేకప్ ఉంటే ముందు ఆయిల్ క్లెన్సర్ పొడి మొహం మీద, పొడి చేతులతో రుద్దాలి, తర్వాత కొద్దిగా నీళ్ళు కలిపి అది పాలలా తెల్లబడ్డాక కడిగేయాలి. ఆ పైన నురగ క్లెన్సర్. ఏమీ రాసుకోని రోజు నురగ ఒక్కటే చాలు. పొద్దున పొడి చర్మం వాళ్ళకి ఉత్త నీళ్ళు చాలు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఒక చిక్కుంది. ఉప్పు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా చర్మం మీద ఉండిపోతాయి, ఆ తెట్టు మీద ఎన్ని టోనర్లు రాసినా బిగుతు పోదు. సబ్బు మానేసి సబ్బు లేని క్లెన్సర్‌కి మారితే సగం తేడా అక్కడే తెలుస్తుంది. ఇంకోటి, మొహం ఎర్రగా, మంటగా ఉన్న రోజుల్లో సున్నిపిండితో రుద్దడం ఆపండి. అమ్మమ్మ ఊరుకోదంటే వీపుకి రాయించుకోండి.

టవల్‌తో అద్దాలి, తుడవకూడదు. పూర్తిగా ఆరనివ్వకూడదు కూడా.

2. టోనర్: అసలు పొరలు వేసేది ఇక్కడే

మన దగ్గర టోనర్ అంటే ఇంకా చాలామందికి ఆల్కహాల్ వాసనతో చుర్రుమనే నీళ్ళే గుర్తొస్తాయి. కొరియన్ టోనర్ వేరు, అది పల్చటి తేమ ద్రవం. కొంటున్నప్పుడు లేబుల్ మీద మొదటి ఐదారు పేర్లలో గ్లిజరిన్ ఉందా, బ్యూటిలిన్ గ్లైకాల్ ఉందా చూడండి. గ్లిజరిన్ చవకది కాబట్టి ఎవరూ దాన్ని సీసా ముందు పెద్ద అక్షరాలతో రాయరు, కానీ నన్నడిగితే తేమ విషయంలో అన్నిటికంటే ఎక్కువ కూలీ చేసేది అదే.

రాసే పద్ధతి ఇది. మొహం ఇంకా తడిగా ఉండగానే అరచేతిలో ఐదు రూపాయల బిళ్ళంత టోనర్ పోసుకోండి. రెండు చేతులూ ఒకసారి కలిపి, ముందు బుగ్గల మీద అద్ది, రెండు మూడు సెకన్లు అలాగే ఒత్తి పట్టుకోండి. బుగ్గలే ముందు ఎందుకంటే చాలామందికి మొదట ఎండేది అవే, చేతిలో సరుకు ఎక్కువ ఉన్నప్పుడే వాటికి వాటా వెళ్ళాలి. తర్వాత నుదురు, గడ్డం, చివర్లో ముక్కు, చేతికి మిగిలింది మెడకి. చప్పట్లు కొట్టినట్టు చెంపలు వాయించే వీడియోలు ఉంటాయి, ఎర్రగా ఉన్న చర్మానికి ఆ దెబ్బలు అనవసరం. దూది కూడా వద్దు, సగం టోనర్ అదే తాగేస్తుంది, మిగతా సగంతో చర్మాన్ని గీరుతుంది.

ఇప్పుడు వేలి వెనక భాగాన్ని బుగ్గకి ఆనించి చూడండి. తడిగా జారిపోతుంటే ఇంకాస్త ఆగాలి. కొద్దిగా అంటుకుని వదులుతుంటే రెండో పొరకి సమయం అయినట్టే. అస్సలు అంటుకోకుండా కాగితంలా తగులుతుంటే ఆలస్యం అయ్యింది, ఇంకో పొర వేసేయండి. గడియారం చూడక్కర్లేదు, సాధారణంగా అర నిమిషంలో తేలిపోతుంది.

ఎన్ని పొరలు? ఒకే టోనర్‌ని ఏడుసార్లు రాసే పద్ధతి ఒకటి కొరియాలో బాగా పాకింది. పల్చటి, వాసన లేని టోనర్‌తో చేస్తే హాని ఏమీ లేదు, సీసా పది రోజుల్లో అయిపోతుంది అంతే. నా ఉద్దేశంలో మామూలు రోజుల్లో ఒకటి, ఏసీలోనో చలిలోనో రెండు, చర్మం బాగా ఎండిపోయిన రోజు మూడు. మూడు దాటాక వేసే ప్రతి పొర కంటే పైన వేసే క్రీమ్‌కే ఎక్కువ విలువ. అది కూడా ఒత్తి చెప్తున్నాను ఎందుకంటే తేమ పొరలు వేసి క్రీమ్ మానేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా జిడ్డు చర్మం వాళ్ళు. గదిలో గాలి పొడిగా ఉంటే రాసిన తడి గాల్లోకే పోతుంది, కాసేపటికి మొదటికంటే ఎక్కువ బిగుతుగా అనిపిస్తుంది.

టోనర్ ప్యాడ్ల డబ్బాలు వచ్చాయి కదా, వాటితో మొహమంతా తుడిచే బదులు బుగ్గల మీద చెరొకటి ఐదు నిమిషాలు అంటించి తీసేయడం మంచి వాడకం. ఎండలో తిరిగొచ్చిన రోజు ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. షీట్ మాస్క్ కూడా అంతే, 15 నుంచి 20 నిమిషాలు. అది వేసుకుని నిద్రపోవద్దు, ఆరిపోయిన గుడ్డ మొహం మీద ఉంచుకోవడంలో లాభం లేదు.

3. చల్లబరిచే పొర

ఎక్కువ డబ్బు తగలేసేదీ, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే.

సెంటెల్లా నుంచి మొదలుపెడదాం. ప్యాకెట్ల మీద 'సికా' అని రాసేది దీన్నే. మనకిది కొత్త మొక్క కాదు, సరస్వతి ఆకు, మండూకపర్ణి అని మనవాళ్ళు జ్ఞాపకశక్తికి పెట్టే ఆకు ఇదే. కొరియాలో దీనికి ఇంత పేరు రావడానికి ఒక మందుల షాపు చరిత్ర ఉంది: డాంగ్‌కుక్ అనే ఫార్మా కంపెనీ 1970 నుంచి మడెకాసాల్ పేరుతో దెబ్బలకి రాసే ఆయింట్‌మెంట్ అమ్ముతోంది, ఇంటింటికీ తెలిసిన ట్యూబ్ అది. ఆ కంపెనీయే 2015లో సెంటెల్లియన్24 పేరుతో మొహం క్రీములు మొదలుపెట్టింది. ఆకులో పని చేసేవి ప్రధానంగా నాలుగు: మడెకాసోసైడ్, ఏషియాటికోసైడ్, మడెకాసిక్ యాసిడ్, ఏషియాటిక్ యాసిడ్. లేబుల్‌లో ఉత్త 'సెంటెల్లా ఎక్స్‌ట్రాక్ట్' కంటే ఈ నాలుగింట్లో ఏదైనా విడిగా కనిపిస్తే నేను దానికే ఓటేస్తాను, ఎందుకంటే ఎక్స్‌ట్రాక్ట్‌లో ఇవి ఎంత ఉన్నాయో బయటికి తెలీదు. పెరట్లో ఆకు ఉంది కదా నూరి రాసుకుంటే పోదా అంటే, వద్దు. రేగిన చర్మం మీద మట్టి, సూక్ష్మజీవులు ఉన్న పచ్చి ఆకు పెట్టడం కొత్త సమస్య.

ఇక్కడే శాతాల మాయ గురించి చెప్పాలి. సీసా మీద '77 శాతం హార్ట్‌లీఫ్' అని ఉంటే సీసాలో ముప్పావు వంతు ఆకు సారం ఉందని అనుకుంటాం. ఆ ఎక్స్‌ట్రాక్ట్ అంటే ఆకుని నీళ్ళలోనో వేరే ద్రావకంలోనో నానబెట్టి తీసిన ద్రవం, అందులో ఎక్కువ భాగం నీళ్ళే. మామూలు టోనర్‌లో నీళ్ళు ఉండే చోట ఇందులో ఆకు నీళ్ళు ఉంటాయి. అది మోసమేం కాదు, హార్ట్‌లీఫ్ టోనర్లు జిడ్డు చర్మం వాళ్ళకీ, మొటిమల చుట్టూ ఎర్రబడేవాళ్ళకీ హాయిగానే ఉంటాయి. కాకపోతే 77 చూసి కొనడం, ఇంకోదాంట్లో 80 ఉందని దానికి మారడం అర్థం లేని పని.

లేబుల్ చదవడానికి ఒక చిట్కా: పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు, ఒక శాతం కంటే తక్కువ ఉన్నవి మాత్రం ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. ఫినాక్సీ ఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ని కొరియాలో ఒక శాతం మించి వాడకూడదు. కాబట్టి ఆ పేరు తర్వాత వచ్చేవన్నీ దాదాపుగా ఒక శాతం లోపలివే. మడెకాసోసైడ్ అక్కడ ఉన్నా బెంగ లేదు, అది కొంచెమే వాడతారు. కానీ డబ్బా ముందు భాగమంతా ఆక్రమించిన పువ్వు పేరు కూడా ఆ కిందే ఉంటే మీరు బొమ్మకి డబ్బు కట్టారన్నమాట.

మగ్‌వర్ట్ దగ్గర తెలుగువాళ్ళు ప్రత్యేకంగా ఆగాలి. కొరియాలో 'స్సుక్' అని దీన్ని బియ్యప్పిండి వంటల్లో వేస్తారు, ఆవిరి స్నానాల్లో వాడతారు, ఇప్పుడు ఎసెన్సుల్లో పోస్తున్నారు. వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రి దీని దగ్గరి బంధువు. చామంతి, పొద్దుతిరుగుడు, పొలాల గట్ల మీద పెరిగే వయ్యారిభామ, అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. వయ్యారిభామ తగిలితే మొహం, కనురెప్పలు, మెడ దురదెక్కి నల్లబడేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. అలాంటి ఎలర్జీ ఉన్నవాళ్ళకి మగ్‌వర్ట్, కామొమైల్, కాలెండులా కూడా పడకపోవచ్చు. 'సూదింగ్' అని రాసి ఉంది కదా అని ధైర్యం చేయకండి. మీ ఇంట్లో ఎవరికైనా బహుమతిగా ఇచ్చే ముందు కూడా ఈ మాట అడగండి.

ప్రొపోలిస్ కూడా అలాంటిదే, తేనెటీగల జిగురు అది, కొందరికి చక్కగా పనిచేస్తుంది, కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది. నత్త జిగురు ఎసెన్స్ తేమకి బాగుంటుంది, అంటుకునే స్వభావం ఉంది కాబట్టి మన ఉక్కలో రాత్రికే పెట్టుకోవడం మేలు. శాకాహారులు దాని బదులు బీటా గ్లూకాన్ సీరమ్ తీసుకోవచ్చు, చేతికి ఇంచుమించు అదే జారుడు, తేమకి లోటు ఉండదు.

ఇవన్నీ చదివి ఏది కొనాలో తేలకపోతే పాంథెనాల్, మడెకాసోసైడ్ రెండూ ఉండి, వాసన లేనిది ఒకటి తీసుకోండి. లావెండర్, నిమ్మ, టీ ట్రీ నూనెలు కలిపినవి వదిలేయండి. చల్లబరచడానికి కొనే వస్తువులో మంట పుట్టించే అవకాశం ఉన్నది ఎందుకు?

కొత్తది ఏదైనా నేరుగా మొహానికి వద్దు. మోచేతి మడతలో ఒకే చోట రోజుకి రెండుసార్లు చొప్పున వారం రోజులు రాయండి, ఆ తర్వాత దవడ పక్కన. ఒక్కసారి రాసి మర్నాడు ఏమీ కాలేదని మొదలుపెట్టేయడం సరిపోదు, ఎలర్జీ చాలాసార్లు తీరిగ్గా నాలుగైదు రోజులకి బయటపడుతుంది.

4. సీరమ్

టోనర్‌లో తేమ, చల్లబరిచేవి రెండూ సరిపడా ఉంటే ఈ పొర ఎగరగొట్టేయొచ్చు. ఎసెన్స్, సీరమ్, ఆంపూల్ అనే పేర్ల మధ్య గట్టి హద్దు ఏమీ లేదు, ఒక కంపెనీ ఆంపూల్ ఇంకో కంపెనీ టోనర్ కంటే పల్చగా ఉంటుంది. పేరు వదిలేసి చేతి మీద చుక్క వేసి చూడండి, తొందరగా పారేది ముందు, నిదానంగా పారేది తర్వాత.

హయలురోనిక్ యాసిడ్ తన బరువుకి వెయ్యి రెట్ల నీళ్ళు పీలుస్తుందన్న ప్రచారం ఉంది కదా, ఆ అంకె చూసి కొనకండి. సీరమ్‌లో అది ఉండేదే సాధారణంగా ఒక శాతమో, అంతకంటే తక్కువో. పెద్ద అణువులు పైనే ఉండి జిగురుగా తేమ పడతాయి, చిన్న అణువులు కొంచెం లోపలికి వెళ్తాయి, అందుకే ఐదు రకాలు, ఎనిమిది రకాలు కలిపామని రాస్తారు. రెండు మూడు చుక్కలు చాలు, టోనర్ తడి ఉండగానే. ఎక్కువ రాస్తే పొరలా ఎండి, క్రీమ్ తగలగానే ఉండలు కడుతుంది.

నియాసినమైడ్ ఈ గైడ్‌కి కొంచెం పక్కదే అయినా దాదాపు ప్రతి సీరమ్‌లో దూరుతుంది. సెరమైడ్ల తయారీ పెంచుతుంది కాబట్టి మంచిదే. కొరియా ప్రభుత్వం దీన్ని చర్మం కాంతికి పనిచేసే పదార్థంగా 2 నుంచి 5 శాతం మధ్య గుర్తిస్తుంది. మొహం మంటగా ఉన్నప్పుడు 10 శాతం సీసాలు పక్కన పెట్టండి.

ఇక నేను మొదట్లో చెప్పిన రూల్ ఇక్కడ వాడండి. మీ సీసాలన్నీ బల్ల మీద పెట్టి ఒక్కోదాని వెనక్కి తిప్పి చూడండి. టోనర్‌లో సెంటెల్లా, ఆంపూల్‌లో సెంటెల్లా, క్రీమ్‌లో సెంటెల్లా, ఒకే బ్రాండ్ సెట్ కొంటే జరిగేది ఇదే. వాటిలో ఆంపూల్ తీసేసి వారం వాడండి. తేడా కనిపించకపోతే ఆ సీసా మళ్ళీ కొనక్కర్లేదు.

5. మూత

క్రీమ్‌లో సెరమైడ్లు ఒక్కటే ఉంటే సరిపోదు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు కూడా కలిసి ఉన్నప్పుడే దెబ్బతిన్న పొర బాగా కోలుకుంటుంది. లేబుల్‌లో సెరమైడ్ ఎన్‌పీతో పాటు కొలెస్ట్రాల్, స్టియరిక్ యాసిడ్ లాంటి పేర్లు కనిపిస్తే మంచి గుర్తు. అటోపిక్ చర్మం (తరచూ ఎండి దురదపెట్టే రకం), పిల్లల పొడి చర్మం కోసం చేసిన కొరియన్ క్రీములు, ఇల్లియూన్ సెరమైడ్ అటో, ఏస్ట్యూరా అటోబ్యారియర్ లాంటివి, ఆర్భాటం లేని రకం. జిడ్డు చర్మానికి చిక్కగా అనిపిస్తే బుగ్గలకీ నోటి చుట్టూ ఇది రాసి, నుదురు ముక్కుకి జెల్ క్రీమ్ రాయొచ్చు. మొహమంతా ఒకటే రాయాలని రూలేం లేదు.

మోతాదు: చిన్న బఠానీ గింజంత అయితే జిడ్డు చర్మానికి, దానికి రెండింతలు పొడి చర్మానికి. నాలుగైదు చోట్ల చుక్కలు పెట్టి అరచేత్తో ఒత్తండి. పెదవుల మూలలు, ముక్కు పక్కలు, కళ్ళ కింద పగిలేవాళ్ళు ఆ చోట్ల మాత్రం చివర్లో పెట్రోలియం జెల్లీ బియ్యపు గింజంత రాసుకోండి. నీళ్ళు ఆవిరవ్వకుండా ఆపడంలో దాన్ని మించింది ఈ జాబితాలో లేదు, ధర మాత్రం అన్నిటికంటే తక్కువ. మొహమంతా పూయడం మొటిమలొచ్చే వాళ్ళకి, ఫ్యాన్ కింద పడుకునే మన ఊరి వాతావరణానికి అనవసరం.

పొద్దున అయితే క్రీమ్ పల్చగా, పైన సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవు. తేమ పొరలు ఎన్ని ఉన్నా సన్‌స్క్రీన్ తగ్గించకండి, కావాలంటే క్రీమ్ మానేయండి. చాలా కొరియన్ సన్‌స్క్రీన్లు క్రీమ్ లాగే తేమగా ఉంటాయి, తేమ గాలి ఉన్న విశాఖలో పొద్దున టోనర్, సన్‌స్క్రీన్ రెండే చాలు.

ఎక్కడ తేడా కొడుతుంది

ఉండలు కట్టి రాలడం: సన్‌స్క్రీన్ రుద్దుతుంటే తెల్లటి ముద్దలు రాలుతున్నాయంటే కింద ఏదో ఎక్కువైంది, లేదా ఆరలేదు. సీరమ్ సగానికి తగ్గించండి, క్రీమ్ తర్వాత ఐదు నిమిషాలు ఆగండి, రుద్దడం మానేసి అద్దండి. అప్పటికీ రాలితే ఆ రెండు వస్తువులకీ జత కుదరదు, ఒకటి రాత్రికి మార్చేయడమే.

నుదుటి మీద ఒకే సైజులో దురద పుట్టే సన్న పొక్కులు: మామూలు మొటిమలు ఇలా ఉండవు. చెమట, తలనూనె, చుండ్రు, చిక్కటి క్రీములు కలిసిన చోట ఫంగస్ వల్ల వచ్చేవి కావచ్చు. ముందు తలనూనె నుదుటి మీదికి దిగకుండా చూడండి, నూనెలున్న పొరలు ఆపి పల్చటి టోనర్, జెల్ క్రీమ్‌కి రండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. దానికి మందు వేరు.

మంట: పల్చటి టోనర్ కూడా చిరచిరమంటుంటే అన్నీ ఆపేయండి. నీళ్ళతో కడగడం, సెరమైడ్ క్రీమ్, పొద్దున సన్‌స్క్రీన్, ఇంతే. పై పొర కొత్తగా తయారవ్వడానికి రెండు వారాలైనా పడుతుంది, రెండో రోజుకే తగ్గలేదని కొత్త ఆంపూల్ కొనకండి. తర్వాత ఒక్కోటీ వారం గ్యాప్‌తో తిరిగి కలపండి, ముందు టోనర్. రెటినాల్ (ముడతలకి, మొటిమలకి రాసేది), యాసిడ్లు (చచ్చిన కణాలు తీసేవి) అన్నిటికంటే చివర. రెటినాల్ మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు క్రీమ్, రెటినాల్, మళ్ళీ క్రీమ్ వరసలో రాస్తే ఘాటు తగ్గుతుంది, ఆ రాత్రి తడి టోనర్ పొరలు వద్దు, తడి చర్మంలోకి అది ఎక్కువ దిగుతుంది.

ఇంకొకటి ఖచ్చితంగా చెప్పాలి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే, తెల్లగా అవుతారని చెప్పే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది నెలల తరబడి రాసి ఆపితే మొహం కుంకుమలా ఎర్రబడి మండుతుంది, అది చూసి 'సెన్సిటివ్ స్కిన్' అనుకుని సికా క్రీములు కొంటున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. ఆ మంటని ఏ పొరా ఆర్పలేదు. చర్మ డాక్టర్ దగ్గరికి ఆ ట్యూబ్ పట్టుకుని వెళ్ళండి.

కొనేటప్పుడు తేదీలు

కొరియన్ డబ్బా మీద తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటుంది. తేదీ పక్కన 제조 అని ఉంటే అది తయారైన రోజు, 까지 అని ఉంటే అప్పటిదాకా వాడొచ్చు. మొదటిదాన్ని ఎక్స్‌పైరీ అనుకుని కొత్త సీసాలు చెత్తబుట్టలో వేసినవాళ్ళు లేకపోలేదు. మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మలో 12 అని ఉంటే తెరిచాక 12 నెలలు, కాబట్టి తెరిచిన తేదీ సీసా అడుగున పెన్నుతో రాసుకోండి. మన దేశంలో అధికారికంగా దిగుమతైన సరుకు మీద దిగుమతిదారు పేరు, అడ్రస్, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. ఆ స్టిక్కర్ లేకుండా, తేదీ గీకేసి, సగం ధరకి దొరుకుతున్న సెట్టు కంటే మంచి గ్లిజరిన్ టోనర్ ఒకటి, సెరమైడ్ క్రీమ్ ఒకటి పూర్తి ధర పెట్టి కొనడమే నయం.